బట్టీ ముందు చలి

కాశీబుగ్గలో ఆ రోజుల్లో రత్నాలమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పేవారు కాదు, వేలెత్తి పొగ చూపించేవారు. "అదిగో, ఆ నల్లపొగ లెగుత్తంది సూడు. ఆ కిందనే ఉంటాది" అనేవారు. నిజమే మరి. ఎప్పుడు వెళ్లినా ఆమె జీడిపిక్కల బట్టీ ముందే కనిపించేది. పిక్కలు కాల్చడమంటే అప్పడాలు కాల్చడం అనుకునేరు! పెద్ద ఇనప పెనంలో పిక్కలు పోసి కింద మంట పెడితే, ఆ వేడికి పెంకులోంచి జీడినూనె చిమ్ముతుంది, భగ్గుమని అంటుకుంటుంది. పొడుగాటి గరిటెతో కలియబెడుతూ, అదును చూసి కిందికి దింపి, బూడిద చల్లి చల్లార్చాలి. కాస్త ఆలస్యమైతే లోపలి పప్పు బొగ్గవుతుంది. కాస్త తొందరపడితే పెంకు పగలదు. ఆ సెగకి మగవాళ్లు సైతం తుండుగుడ్డ పిండుకుంటూ మధ్యమధ్య బయటికి పరిగెత్తేవారు. రత్నాలు మాత్రం చెంగు బొడ్డులో దోపి, నుదుటి బొట్టు చెదరకుండా, ఒక్క చెమట చుక్క రాలకుండా పొద్దస్తమానం నిలబడేది.

అలాగని ఆమె కూలికి వచ్చిన మనిషి కాదు. బట్టీ వాళ్లదే. మొగుడు ఢిల్లీరావు ఉద్దానం పల్లెల జీడితోటల వెంట తిరిగి పిక్కలు కొనుక్కొస్తాడు. పెరట్లో పాక కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క సుత్తులతో పెంకులు కొట్టి పప్పు తీస్తారు. ఆ పప్పు పలాస స్టేషను దగ్గరి షావుకార్లకి వెళ్తుంది. ఒక ఏడాది పిక్కలు కాల్చే మనిషి చెప్పాపెట్టకుండా కోతలకి పోతే, "దానికేటి, నాను కాలుత్తాను" అని రత్నాలు గరిటె అందుకుంది. ఆ అందుకోవడం అందుకోవడమే, మళ్లీ వదల్లేదు. పాకలో పిక్కలు కొట్టే ముసలమ్మ (పేరే ముసలమ్మ, మనిషి నిండా పాతికేళ్లు లేని పడుచు) ఆమెకి "అగ్గి రత్నాలు" అని పేరు పెట్టింది. ఊరంతా ఆ పేరే పట్టుకుంది. రత్నాలుకీ ఆ పేరంటే మహా గర్వం.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను వినండి. ఆమె అక్కడ పిక్కలు కాలుస్తోందని ఊరు అనుకునేది. ఆమె చలి కాచుకునేది. వైశాఖ మాసంలో జనం అరుగుల మీద చాప పరుచుకుని ఉసూరుమంటుంటే రత్నాలు లోపల దుప్పటి కప్పుకుని పడుకునేది. నూతి దగ్గర చెయ్యి తడిస్తే పొద్దెక్కేదాకా వేళ్లు మొద్దుబారిపోయేవి. ఆ పెనం ముందు నిలబడ్డ కాసేపే ఒళ్లు ఒళ్లులా అనిపించేది. అందుకే ఆ చోటు ఎవరికీ ఇచ్చేది కాదు.

పెళ్లయి ఆరేళ్లు. పిల్లల్లేరు.

అత్త ఎర్రమ్మ పరాయిది కాదు, రత్నాలు తండ్రికి సొంత చెల్లెలు. వజ్రపుకొత్తూరు అవతల సముద్రం గాలి తగిలే ఊళ్లో రత్నాలు పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోతే, ఈ మేనత్తే ఎత్తుకుని సాకింది, జడ వేసింది, చివరికి తన కొడుక్కే చేసుకుంది. కాబట్టి కోడలికి పిల్లల్లేరన్న దిగులు ఆవిడకి రెండింతలు. అన్న వంశమూ తనదే, మొగుడి వంశమూ తనదే. ఎవరెన్ని చెప్పినా కొడుక్కి రెండో పెళ్లి మాట నోటంట రానివ్వలేదు. దానికి బదులు ఆవిడ ఒక కారణం కనిపెట్టింది. వేడి!

"ఆ బట్టీ సెగ దీని కడుపు కాల్సేత్తంది. ఒల్లంతా ఏడి. ఏడి ఒంట్లో పిండం ఎలగ నిలబడతాదే?" అని తేల్చేసింది. ఊళ్లో ఎవరిని అడిగినా అవునంటే అవునన్నారు. జుట్టు రాలుతోందా, వేడి. పెదాలు పగులుతున్నాయా, వేడి. మలబద్ధకమా, వేడి. నెల నెలా రావలసింది ఒకసారి రాకుండా, మరోసారి వచ్చి వారం దాటినా తగ్గకుండా సతాయిస్తోందా, ఇంకేముంది, అంతా వేడే! ఏ గుర్తు పట్టుకున్నా ఎర్రమ్మ మాటకే సాక్ష్యం పలికేది.

మరి వేడికి మందేమిటి? చలవ. తెల్లారకుండానే నూతి నీళ్లతో తలారా స్నానం. ఆ తడి తల మీద ఆముదం. పరగడుపున నానబెట్టిన మెంతులు, పగలు సబ్జా గింజలు, సగ్గుబియ్యం జావ, కొబ్బరి నీళ్లు, మజ్జిగ, మళ్లీ మజ్జిగ. పనసతొన ముట్టకూడదు, మామిడిపండు తినకూడదు. జీడిపప్పు మాట సరేసరి. ఇంటినిండా పప్పు గుట్టలుగా పడి ఉంటే, ఆ ఇంటి కోడలికి నోట్లో వేసుకోవడానికి ఒక బద్ద లేదు.

"అత్తా, నాకు ఏడి కాదే. సలేత్తంది" అనేది రత్నాలు.

"లోపల ఏడి ఎక్కువైతే పైకి సలేసినట్టే ఉంటాది. నీకు తెల్దు" అనేది ఎర్రమ్మ.

చెప్పండి, ఆ మాటకి ఎదురు మాట ఏముంటుంది? మొగుడితో చెప్పుకుంటే ఢిల్లీరావు బుర్ర గోక్కునేవాడు. మంచివాడే. తోటలో పిక్కని చేత్తో తూచి లోపల పప్పు ఎలా ఉందో చెప్పగలడు గానీ, తల్లికి పెళ్లానికి మధ్య నోరు పెగలదు. "అమ్మ నీ మంచికే గదా సెప్తంది. కొన్నాల్లు సూద్దాం" అనేవాడు. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో మాత్రం చెప్పేవాడు కాదు.

రత్నాలు గడుసుది. బయట ఎవరైనా "ఏటమ్మా, ఇంకా ఏటీ నేదా?" అంటే, "ఉంటే నీకు సెప్పకుండా దాసుకుంటానేటి?" అని నోరు మూయించేది. కానీ పాక దూలానికి కట్టిన ఉయ్యాల ముందు ఆ గడుసుతనం పనిచేసేది కాదు. పిక్కలు కొట్టే ఆడవాళ్లు తమ పసిపిల్లల్ని అందులో పడుకోబెట్టేవారు. ఒకసారి ముసలమ్మ కూతురు ఏడుస్తుంటే రత్నాలు ఉరికి వెళ్లి ఎత్తుకుంది. ఆ పసిది ఉలిక్కిపడి, ఊపిరి బిగబట్టి, గుక్కపట్టి ఏడ్చింది. "నీ సేతులు మంచులాగున్నాయమ్మా, అందుకే బెదిరిపోనాది" అంది ముసలమ్మ, తప్పుగా కాదు, ఉన్న మాట. అప్పటినుంచి రత్నాలు ఏ బిడ్డని ముట్టుకోవాలన్నా ముందు బట్టీ దగ్గర అరచేతులు కాచుకుని, గబగబా రుద్దుకుంటూ వచ్చేది. అది ఆమెకి అలవాటైపోయింది. బిడ్డ కావాలని ఆమె ఎంతగా కోరుకునేదో ఆ రుద్దుకునే చేతుల్ని చూస్తే తెలిసేది.

అరవై ఏడో సంవత్సరం కార్తీకంలో ఎర్రమ్మ ఆఖరి అస్త్రం తీసింది. రావివలస ఎండల మల్లికార్జునుడికి మొక్కు. ఆ స్వామికి పైకప్పు లేదు, ఎండా వానా ఆయన నెత్తినే. సోమవారం తెల్లవారకముందే తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో ఆయన చుట్టూ ప్రదక్షిణాలు చేస్తే ఒంట్లో వేడంతా దిగిపోతుందని ఆవిడకెవరో చెప్పారు. రత్నాలు వద్దనలేదు. అత్త కళ్లలో ఆ ఆశ చూసి వద్దనలేకపోయింది.

కార్తీకపు వేకువ, పొలాల మీద మంచు. ఎర్రమ్మ భక్తిగా చెంబు మీద చెంబు గుమ్మరించింది. రత్నాలు తడిచీరతో నడక మొదలుపెట్టింది. "సామీ, నీకు కావలసినంత ఎండ ఉంది. నాకు బిడ్డనియ్యి. బిడ్డతోపాటు కాస్త ఎండ కూడా ఇయ్యి" అని మొక్కుకుంటూ తిరిగింది. కాసేపటికి కాళ్లు తనవి కానట్టు అనిపించాయి. మరికాసేపటికి వణుకు కూడా ఆగిపోయింది. నిద్ర ముంచుకొచ్చింది. రాతి మీద కూలబడి ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు "దేవుడు పూనాడు, దేవుడు పూనాడు" అని దండాలు పెట్టడం మొదలుపెట్టారు. ఎర్రమ్మ ఒక్కతే దండం పెట్టలేదు. మేనకోడలు ముఖం ఆవిడకి తెలుసు. అది దేవుడి ముఖం కాదు, చిన్నప్పుడు జబ్బుచేసినప్పటి ముఖం.

"ఒరే ఢిల్లీ! పిల్లని ఎత్తరా!" అని కేక పెట్టింది. ఢిల్లీరావు పెళ్లాన్ని రెండు చేతులా ఎత్తి జట్కాలో పడుకోబెట్టాడు. అక్కడికి దగ్గరే టెక్కలి. అక్కడ కమలకుమారి అనే లేడీ డాక్టరు సొంతంగా చిన్న ఆసుపత్రి నడుపుతోంది. గుంటూరు వైపు మనిషి, నోరు కాస్త కటువు, చెయ్యి మంచిదని పేరు.

డాక్టరమ్మ చూసీ చూడగానే తడిచీర విప్పించి, పొడిబట్టలు కట్టించి, దుప్పట్ల మీద దుప్పట్లు కప్పించింది. వేడివేడిగా పాలు తాగించింది. ఎర్రమ్మ పక్కనే నిలబడి, "ఏడి తల్లీ, ఒంట్లో ఏడి. బట్టీ సెగ" అని చెప్పుకుపోతూనే ఉంది. పొద్దెక్కి, రత్నాలు లేచి కూర్చుని, మాట తేటపడ్డాక, డాక్టరమ్మ ఆమె నోట్లో థర్మామీటరు పెట్టింది. తీసి చూసింది. విదిలించి మళ్లీ పెట్టింది. మళ్లీ చూసి కనుబొమలు ముడిచింది.

"ఇది పాడైనట్టుంది. పెద్దమ్మా, నువ్వోసారి నోరు తెరు."

"నాకెందుకమ్మా? నాకు జొరమేటి?" అంటూనే ఎర్రమ్మ నోరు తెరిచింది. ఆ గాజుపుల్ల నోట్లో ఉన్నంతసేపూ ఆవిడ కళ్లు గుండ్రంగా తిప్పుతూ కొడుకు వైపు చూస్తూనే ఉంది. తీసి చూస్తే పాదరసం ఎక్కవలసిన చోటికి చక్కగా ఎక్కింది. కడిగి మళ్లీ రత్నాలు నోట్లో పెడితే, మళ్లీ కిందనే ఉండిపోయింది.

"పెద్దమ్మా, నీ కోడలికి వేడి ఎక్కువ కాలేదు. ఉండవలసిన వేడి కూడా లేదు" అంది డాక్టరమ్మ.

ఎర్రమ్మకి అర్థం కాలేదు. రత్నాలుకి మాత్రం ఒక్కసారిగా అర్థమైంది. "అదేనమ్మా! నాను ఆరేల్ల నుంచీ అదే సెప్తన్నాను! నాకు సలమ్మా, సలి!" అని భోరున ఏడ్చింది. ఊళ్లో ఎవరిముందూ కంటతడి పెట్టని మనిషి, ముక్కూమొహం తెలియని డాక్టరు ముందు చిన్నపిల్లలా ఏడ్చింది.

డాక్టరమ్మ ఏడవనిచ్చింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. జుట్టు సంగతి, గొంతు బొంగురుపోయిన సంగతి, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బే సంగతి, నెలసరి సంగతి. మెడ కింద వేళ్లు పెట్టి గుటక వెయ్యమంది. చర్మం నిమిరి చూసింది. "ఏం పని చేస్తావు?" అని అడిగింది.

"పిక్కల బట్టీ కాలుత్తానమ్మా."

"చెమట పడుతుందా?"

"పట్టదు!" అంది రత్నాలు, కన్నీళ్లు తుడుచుకుంటూనే తల ఎత్తి. "నన్ను అగ్గి రత్నాలంటారు."

"అది గొప్ప కాదమ్మా. అది జబ్బు" అంది డాక్టరమ్మ.

ఆ మాట రత్నాలుకి చురుక్కుమని తగిలింది. గొడ్రాలని వెనకాల అనుకునే ఊళ్లో ఆమెకి మిగిలిన మంచి పేరు అదొక్కటే. ఆ పేరు కూడా రోగమేనా? దుప్పటి అంచుతో ముఖం తుడుచుకుంది. తర్వాత తలెత్తి, "జబ్బయితే మందుంటాది గదా. ఇయ్యండమ్మా" అంది. రత్నాలంటే అదీ.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. గొంతు దగ్గర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందట. ఒంటికి వేడి, చురుకు ఇచ్చేది అదేనట. అది మందగిస్తే ఒళ్లు చల్లబడుతుంది, నెలసరి తప్పుతుంది, కడుపు పండటం కష్టమవుతుంది. "అయితే ఒళ్లు చల్లగా ఉన్నంత మాత్రాన ఇదే జబ్బని చెప్పెయ్యలేను. నాది అనుమానం. విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకోండి. అదే అని తేలితే మాత్రలు రాస్తాను. పిల్లలు పుట్టి తీరతారని మాటివ్వను. ఒళ్లు మాత్రం దారిలో పడుతుంది."

ఎర్రమ్మ అన్నీ విని ఒకటే ప్రశ్న వేసింది. "ఆ మాత్రలు ఏడి సేత్తాయా?"

"చేస్తాయి. అందుకే ఇస్తాను."

అంతే! ఎర్రమ్మ ముఖం మాడిపోయింది. ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా పెరట్లో నిలబడి కొడుకు మీద విరుచుకుపడింది. "ఏడికి ఏడి మందు ఇత్తాదంట! అదేం డాట్రురా! ఉన్న కాస్త కడుపూ కాలిపోదా?"

ఢిల్లీరావు ఎప్పటిలాగే బుర్ర గోక్కున్నాడు. వస్తూనే చలి కాచుకోవడానికి పెనం దగ్గరికి పోయిన రత్నాలు ఇటు వచ్చింది. పాకలో సుత్తుల చప్పుడు ఆగిపోయింది.

"అత్తా, నువ్వు నన్ను పెంచావు. ఆరేల్లు నువ్వు తాగమన్నవన్నీ తాగాను, పొయ్యమన్న నీల్లన్నీ పోసుకున్నాను. నీ మీద ప్రేమతోనే సేసాను. పొద్దున నీ కల్ల ముందే సచ్చిపోబోయాను. ఇంక నా ఒల్లు సెప్పిన మాట ఇంటాను." మొగుడి వైపు తిరిగి, "బావా, ఇసాపట్నం రైలుకి నువ్వొత్తావా, ఒక్కదాన్నీ పోమంటావా?" అంది.

ఢిల్లీరావు బుర్ర గోక్కోవడం ఆపేశాడు. "వత్తాను" అన్నాడు. తల్లి ఎదుట అతను బతుకులో అంత గట్టిగా చెప్పిన మాట అదే.

విశాఖలో ముక్కుకి పట్టకారు వేసినట్టు ఏదో బిగించి, నోట్లో గొట్టం పెట్టి ఊపిరి తీయించి, రక్తం తీసి, రకరకాల పరీక్షలు చేశారు. టెక్కలి డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. మాత్రలు వచ్చాయి. రోజూ పరగడుపున ఒకటి, కొద్దికొద్దిగా మోతాదు పెంచాలి, చెప్పకుండా మానకూడదు. దాంతోపాటు డాక్టరమ్మ ఒక థర్మామీటరు కూడా ఇచ్చి, పొద్దున కళ్లు తెరవగానే, మంచం దిగకముందే పెట్టుకుని చూసుకోమంది.

మర్నాటినుంచి ఎర్రమ్మ కోడలితో మాట మానేసింది. మానేసిందంటే బొత్తిగా కాదు లెండి, ఆవిడ వల్ల కాదు. గోడతో చెప్పేది, దూడతో చెప్పేది, పాకలో ఆడవాళ్లతో చెప్పేది. "కొందరు మాత్రలు మింగుతన్నారు. పెద్దోల్ల మాట అక్కర్నేదంట" అని దూడకి కుడితి పెడుతూ వినిపించేది. రత్నాలు చాటుగా మింగే రకం కాదు. నడిపెరట్లో నిలబడి, అందరూ చూస్తుండగా మాత్ర నోట్లో వేసుకుని గటగటా నీళ్లు తాగేది. నూతి నీళ్ల స్నానం మానేసింది. వేడినీళ్లు కాచుకుంది. గిన్నెలోంచి గుప్పెడు జీడిపప్పు తీసి కరకర నమిలింది కూడా. ఇన్నేళ్ల కరువు మరి.

మొదట ఏమీ తేడా కనబడలేదు. మాఘం వచ్చేసరికి గొంతు తేటపడింది. ఒక పొద్దున ఆమె లోపలినుంచి మొగుణ్ణి పిలిస్తే, "కొత్తోలెవలో పిలుత్తన్నారు" అని ముసలమ్మ ఆటపట్టించింది. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. ఆ గాజుపుల్ల సంగతి పాకంతా పాకింది. పనిలోకి వచ్చే ఆడవాళ్లు సుత్తి పట్టుకునే ముందే, "ఏటమ్మా, ఈయేల ఎక్కిందా?" అని అడిగేవారు. రత్నాలు వేళ్లు పెట్టి "ఇంత ఎక్కింది" అని చూపించేది. ఎర్రమ్మ అటు తిరిగి బియ్యం చెరుగుతూ చెవులు మాత్రం ఇటే పెట్టేది. ఒకనాడు కోడలు నూతి దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ ఆ పుల్లని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా దాని డబ్బాలోనే పెట్టడం ముసలమ్మ కంటపడింది. అది నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

చైత్రం వచ్చింది. ఉద్దానం తోటల్లో పిక్కలు రాలే రోజులు. బళ్ల మీద బస్తాలు దిగుతున్నాయి, బట్టీ ఆరకుండా మండుతోంది. రత్నాలు గరిటె పట్టుకుని ఎప్పటిలాగే నిలబడింది. పెనం నిండా పిక్కలు, నూనె చిమ్ముతోంది, మంట లేచింది. కలియబెడుతుంటే కంటి పక్కన ఏదో చురచురమంది. నూనె చుక్క పడిందేమోనని చెంగుతో తుడుచుకుంది. చెంగు తడిసింది. మళ్లీ తుడుచుకుంది. మెడ మీంచి, వీపు మీంచి ధారగా దిగుతోంది. ముఖం మండిపోతోంది. ఒక్క క్షణం కూడా అక్కడ నిలబడలేనని అనిపించింది. గరిటె అక్కడే పారేసి పెరట్లోకి పరిగెత్తింది.

వెనక పెనం మాడింది. కమురు వాసన వీధి చివరిదాకా కొట్టింది. ఆమె చేతి కింద పిక్కలు మాడటం అదే మొదటిసారి. "ఓలమ్మో! పప్పంతా బుగ్గైపోనాది!" అని అరుస్తూ ఎర్రమ్మ లోపలినుంచి వచ్చింది. తిడదామని నోరు తెరిచింది. ఎదురుగా కోడలు, బొట్టు కరిగి ముక్కు మీదికి కారుతుండగా, రవిక తడిసి ఒంటికి అంటుకుపోయి, రొప్పుతూ నవ్వుతోంది.

"సెమటత్తా! సూడు, నాకు సెమట పట్టింది!"

ఎర్రమ్మ తిట్లు మరిచిపోయింది. దగ్గరికి వచ్చి, అరచెయ్యి కోడలి మెడ మీద పెట్టింది. తీసి తన చెంప మీద పెట్టుకుంది. మళ్లీ కోడలి మెడ మీద పెట్టింది. "ఓలమ్మా... ఎచ్చగున్నావే!" అంది. నెలల తరబడి గోడకీ దూడకీ చెప్పుకున్న మనిషి, తిన్నగా కోడలితో అన్న మొదటి మాట అది. తన కొంగుతోనే ఆ చెమట తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఏడ్చింది. "ఎన్ని నీల్లు గుమ్మరించానే నీ నెత్తిన... అంత సలిలో..." అంటూ కోడలి తల నిమిరింది. పాకలో ఆడవాళ్లు సుత్తులు వదిలేసి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి రత్నాలు నుదురు ముట్టుకుని చూశారు. మాడిన పప్పు మాట ఆ రోజు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

బట్టీకి వేరే మనిషిని పెట్టారు. అగ్గి రత్నాలు పాక నీడన కూర్చుని పప్పు ఏరడం మొదలుపెట్టింది. "ఇంక నీ పేరు మార్సాలమ్మా" అని ముసలమ్మ అంటే, "మార్సుకో. నాకేటి నట్టం" అని నవ్వేసింది. నెలసరి దారికి వచ్చింది. శ్రావణం దాటాక ఒక నెల తప్పింది. మరో నెల కూడా చూసి, టెక్కలి వెళ్లి వచ్చాకే ఇంట్లో చెప్పింది.

ఎర్రమ్మ దేవుళ్లందరికీ దండం పెట్టి, మరుక్షణం పాత ఎర్రమ్మ అయిపోయింది. "ఇంక ఆ ఏడి మాత్రలు మానెయ్. కడుపులో బిడ్డున్నాది."

"మానకూడదంది డాట్రమ్మ. ఇప్పుడే ఎక్కువ కావాలంది. నమ్మకపోతే నువ్వే అడుగు" అంది రత్నాలు.

ఎర్రమ్మ నిజంగానే మర్నాడు బస్సెక్కి టెక్కలి వెళ్లింది. డాక్టరమ్మతో ఏం వాదించిందో, ఆవిడ ఏం చీవాట్లు పెట్టిందో ఇంటికొచ్చి చెప్పలేదు. తెల్లారి రత్నాలు కళ్లు తెరిచేసరికి మంచం పక్కన అత్త నిలబడి ఉంది. ఒక చేతిలో మంచినీళ్ల గ్లాసు, రెండో అరచేతిలో మాత్ర.

"సూత్తావేటి? మింగు" అంది.

నొప్పుల నాటికి టెక్కలి ఆసుపత్రికే తీసుకెళ్లారు. వైశాఖంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమంగా కాశీబుగ్గ ఇంటికి వచ్చారు. బాలింతకి చెయ్యవలసినవన్నీ చెయ్యడానికి, ఆ వీధిలో పురుళ్లన్నీ చూసే వరహాలమ్మ వచ్చింది. చాదస్తం మనిషి. వస్తూనే గది తలుపులు, కిటికీలు మూసి, రత్నాలుకి చెవులకి గుడ్డ కట్టి, కంబళి కప్పి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టింది. బయట వైశాఖపు ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఈ కుంపటి తీసెయ్యండి పిన్నీ. ఉక్కపోత్తంది" అంది రత్నాలు.

"బాలింతకి ఉక్కేటమ్మా! పచ్చి ఒల్లు. లోపల సలే ఉంటాది, నీకు తెల్దు" అంది వరహాలమ్మ.

ఆ మాటకి గుమ్మంలో ఉన్న ఎర్రమ్మ గిర్రున తిరిగింది. లోపలికి వచ్చి, పట్టకారు తీసుకుని, కుంపటి బయటికి లాగి అవతల పెట్టేసింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. కంబళి లాగి మూల పడేసింది. వరహాలమ్మ నోరు వెళ్లబెట్టింది.

"అదేటి ఎర్రమ్మా, పిల్లకేమైనా అయితే?"

"దాని ఒల్లు సంగతి దానికి తెల్దేటి?" అంది ఎర్రమ్మ. "ఉక్కంటే ఉక్కే. నువ్వూరుకో."

రత్నాలు ఆ మాట విని కళ్లు మూసుకుంది. కంటి కొసల నుంచి నీళ్లు చెవుల గుడ్డలోకి దిగాయి. ఎర్రమ్మ తాటాకు విసనకర్ర తెచ్చి, మంచం అంచున కూర్చుని విసరడం మొదలుపెట్టింది. పక్కన పొత్తిళ్లలో పసిది కదిలి, మూలిగి, ఏడుపు అందుకుంది. రత్నాలు గబుక్కున లేచి కూర్చుంది. లేచీ లేవగానే, పాత అలవాటు కొద్దీ, బిడ్డని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గబగబా రుద్దుకోసాగింది.

ఎర్రమ్మ విసనకర్ర ఆపి ఆ చేతుల్ని పట్టుకుంది.

"ఏటే ఆ రుద్దుడు? ఎచ్చగానే ఉన్నాయి. ఎత్తుకో."

రత్నాలు ఎత్తుకుంది. పసిది ఉలిక్కిపడలేదు. తల్లి చేతుల్లో రెండుసార్లు మూలిగి, ఏడుపు ఆపి నిద్రపోయింది.